ఐదింటి సంతకం

"పెద్దమ్మగారూ, రేపట్నుంచి మాకు నాలుగ్గంటలే డ్యూటీ అన్నారు. మీకూ ఒకప్పుడు ఇలాగే తగ్గించారంట కదా?"

తగ్గించారమ్మా. ఎందుకు తగ్గించలేదూ! ఇలా కూచో, ఫ్యాను కింద. నేను ఈ దోహాలో హోటల్ లాండ్రీలో చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు... కాదు, పదేళ్ళు. మా రెండోది టెంత్ పాసైన ఏడాది కదా, పదే. హోటల్‌కి రిపేర్లు పెట్టి సగం అంతస్తులు మూసేశారు. గదుల్లో జనం లేకపోతే మాకు ఉతకడానికి దుప్పట్లెక్కడివి? మేనేజరు పిలిచి చెప్పేడు. పొద్దున్న ఆరు నుంచి పది దాకానే డ్యూటీ, సగం జీతం. పోయిన గంటల జీతంలో కూడా సగం కంపెనీయే ఇస్తుంది, పని మళ్ళీ మామూలయ్యేదాకా, ఎవరూ ఊరెళ్ళిపోవద్దూ అని. మంచిమాటే కదా. కాకపోతే రోజూ సాయంత్రం ఐదింటికి వక్రాలో మేముండే క్యాంపులో రిజిస్టర్లో సంతకం పెట్టాలి. బయట ఇంకో పనికి పోకుండా అన్నమాట. మూడుసార్లు తప్పితే ఆ డబ్బు ఖలాస్.

అందరూ ఏడ్చేరు. నేనూ ఏడ్చేననుకో. పిల్లలిద్దరూ అమలాపురంలో మా అక్క దగ్గర. మా ఆయన ఉమ్ సలాల్లో ఒక తోటలో డ్రైవరు. ఒకే దేశంలో ఉండి నెలకోసారి చూసుకునేవాళ్ళం, తెలుసా! నాకు సెలవు శుక్రవారం. ఆ శుక్రవారమే వాళ్ళ యజమాని కుటుంబమంతా తోటకొచ్చేది, ఈయనకి ఊపిరాడేది కాదు. ఎప్పుడైనా ఓ గంట చర్చి ఆవరణలో, ఆ జనంలో నిలబడి, పిల్లల గురించి రెండు ముక్కలు. అంతే.

పని తగ్గిన నాలుగో రోజు ఫోన్ చేసి, "పన్నెండు నుంచి మూడు దాకా నాకు ఖాళీయే సువార్తా, వస్తావా?" అన్నారు. ఏదో పెళ్ళిచూపులకి పిలిచినట్టు, మొహమాటంగా. చేపల పులుసు పెట్టుకెళ్ళేను. అప్పుడు వక్రా రేవులో చేప ఎంత చవకనుకున్నావు, పది రియాళ్ళిస్తే ఇద్దరికీ రెండు పూటలు. మెట్రో ఎక్కి, దిగి, మళ్ళీ బస్సెక్కి...

ఆయన ఆరేళ్ళుగా పడుకుంటున్న గది, నేను చూడ్డం అదే మొదలు. పక్కన మేకల దొడ్డి. ఒక మంచం, దానిమీద మట్టిరంగు తేలిన దుప్పటి. చూసేవా, రోజుకి వందల దుప్పట్లు ఉతికించి మడతపెట్టి పంపేదాన్ని, కట్టుకున్నవాడి దుప్పటి ఆరేళ్ళలో ఒక్కసారి ఉతకలేదు. తోటలో కుళాయి కింద చేత్తో ఉతికేను. "వదిలెయ్యవే, ఇక్కడ కూడా అదే పనా" అంటూనే రెండో కొస పట్టుకుని పిండేరు.

అలా రోజూ వెళ్ళేదాన్ని. రెండుసార్లు బస్సు ఆలస్యమై సంతకం తప్పింది. ఇంకొకటి తప్పితే అయిపోయినట్టే. సరిగ్గా అప్పుడే ఆయనకి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. "మూడైంది, వెళ్ళు, డబ్బు పోతుంది" అంటారు, చెయ్యి మాత్రం వదలరు. నేను లేవలేదమ్మా. గంజి కాచి పట్టి, చెమట పట్టేదాకా అక్కడే కూచున్నాను. మర్నాడు సూపర్‌వైజరు, పాపం శ్రీలంక ఆవిడ, "అక్కా, మాఫీ ఫులూస్" అంది, ఇంక డబ్బుల్లేవని. తిట్టలేదు. ఎక్కడికెళ్ళేవని కూడా అడగలేదు. ఆ తర్వాత రెండు నెలలూ సగం జీతంతోనే నెట్టుకొచ్చేను. మా అక్క ఫోన్లో గొణిగింది. పిల్లల ఫీజులు కదా, తప్పా దాన్ది?

తర్వాత హోటల్ తెరిచారు, ఫుల్ డ్యూటీ అన్నారు. అందరూ లడ్డూలు పంచుకున్నారు. నేను మిషన్ల వెనక్కెళ్ళి ఏడ్చేను. జీతం మళ్ళీ నిండుగా వస్తుంటే ఏడ్చేదాన్ని నన్నే చూడాలి!

ఆయన నిరుడు ఊరెళ్ళిపోయారు, తోట వాళ్ళు అమ్మేసుకుంటే. నాకింకా ఏడు నెలల కాంట్రాక్టుంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం. మాటలకేం, బోలెడు. కానీ ఆ మధ్యాహ్నాలున్నాయి చూడు... ఎదురుగా కూచుని, ఏం మాట్లాడకుండా...

సరేలే. నువ్వు బెంగపెట్టుకోకు తల్లీ. నీవాళ్ళ పక్కన కూచునే రోజులు దేవుడు నీకు చాలా ఇవ్వాలి. నాకిచ్చినట్టు ముసలైపోయాక కాదు... పడుచుగా ఉండగానే ఇవ్వాలి.