వంకర రోల్స్

సాయంత్రం ఆరు దాటింది. ముందు గదిలో ఆవిడ కుట్టు మిషను మీద ఉంది. టాయిలెట్ పేపరు మిల్లులో కోత మెషీను మీద పన్నెండేళ్ళు చేసిన ఆవిడ భర్త, బట్టలు మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“బాత్రూంలో పేపరేదీ?”

“తీసేశాను.”

“తీసేశావా? ఎందుకు?”

“బుట్టలో గుడ్డలున్నాయి కదా, చూళ్ళేదా? ప్లంబర్ని పిలిచి జెట్ స్ప్రే కూడా పెట్టించాను. నీళ్ళతో కడుక్కోవడం, గుడ్డతో తుడుచుకోవడం. పక్కనే మూత డబ్బా ఉంది, వాడిన గుడ్డ అందులో వెయ్యండి. రెండ్రోజులకోసారి వేడినీళ్ళలో సోడా వేసి ఉతుకుతాను.”

“ఇదంతా ఎవరు చెప్పారు నీకు?”

“పిల్ల చెప్పింది. స్కూల్లో పాఠం చెప్పారట. ఒక్కసారి తుడిచి పారేసేదాని కోసం చెట్లు కొట్టడమేంటమ్మా అంది. నిజమే కదా అనిపించింది.”

“దాని నాన్న ఏం పని చేస్తాడో చెప్పావా దానికి?”

“దానికి తెలీదా ఏం?”

“ఊరందరికీ పేపరు నేను కోసిస్తే, నా ఇంట్లో గుడ్డలా? ఎవరైనా వింటే నవ్విపోతారు.”

“మన బాత్రూంలోకి తొంగిచూసేదెవరండీ?”

“చుట్టాలొస్తే?”

“వస్తే చూద్దాం. ఎవరైనా వచ్చి ఏడాదవుతోంది.”

“నేను హాస్యానికి అనట్లేదు. పన్నెండేళ్ళయింది మనం పేపరు కొని. నెలకో సంచీ నేనే మోసుకొచ్చాను. ఈ ఇంట్లో ఇంకేది తక్కువైనా అది తక్కువ కాలేదు.”

“కాలేదు. కాదన్నానా?”

“వంకరగా తెగినవి షాపుకి పోవు కాబట్టి మాకిచ్చేసేవాళ్ళు. ఇచ్చేసేవాళ్ళంటే... ఇచ్చేస్తారు.”

“ఇచ్చేస్తారు. సరే.”

“పెళ్ళైన కొత్తలో నువ్వే అన్నావు, మీ మెషీనుకి మెడ పట్టేసిందా, ఇలా పక్కకి కోస్తుంది అని.”

“అన్నాను. మీరు రెండ్రోజులు మాట్లాడలేదు నాతో.”

“ఒక్కరోజే.”

“రెండు.”

“సరే, రెండు. నిన్న తెచ్చిన సంచీ ఏం చేశావు?”

“అటక మీద పెట్టాను.”

“మొత్తమా?”

“మొత్తం. ఒక్కోటీ తీసి చూసి మరీ పెట్టాను.”

“చూడ్డానికేముంది అందులో?”

“ఏముంది, రోల్సే. ఆ దారం ఇటివ్వండి. తెల్లది కాదు, నీలంది.”

“ఇంద.”

“ఇవాళ పనెలా ఉంది?”

“ఎలా ఉంటుంది? ఎప్పటిలాగే.”

“ఫోర్‌మన్ గారు?”

“ఉన్నాడు.”

“మాట్లాడారా?”

“ఆ. మాట్లాడాడు. బ్లేడు మార్చాలన్నాడు.”

“ఇవాళేనా?”

“ఇవాళే. ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతావు?”

“ఊరికే. మధ్యాహ్నం వాళ్ళావిడ వచ్చింది. ఆయన ప్యాంట్లు రెండు పట్టుకొచ్చింది.”

“ఏం చెప్పింది?”

“రెండంగుళాలు పొడుగు తగ్గించమని చెప్పింది.”

“ఇంకేం చెప్పలేదా?”

“టీ ఇస్తే తాగింది. మీరు బాక్సు తిన్నారా?”

“తిన్నాను.”

“ఎక్కడ కూచుని?”

“క్యాంటీన్‌లో. ఇంకెక్కడ కూచుంటాను?”

“చల్లారిపోయి ఉంటుంది.”

“ఏమో. వేడో చల్లో తెలీలేదు. ఈమధ్య ఏదీ తెలీట్లేదు నాకు.”

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది. చాలాసేపు మఠం వేసుక్కూచుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడు, గిచ్చినా తెలీదు. మనిషంతా అలా ఉంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“తెలీదు.”

“రెండు నెలల నుంచా?”

“తెలీదన్నాను కదా.”

“కోప్పడకండి.”

“కోపం కాదు. కోపం కూడా రావట్లేదు. ఎండలో కూచుంటే ఎండ తెలీదు, పిల్ల నవ్వితే నవ్వాలని గుర్తుచేసుకోవాలి.”

“ఎండలో ఎందుక్కూచున్నారు? మీ మెషీను షెడ్డులో కదా?”

“మాటవరసకి అన్నాను.”

“ఊఁ. ఏవండీ, ఒకటడుగుతాను. మీ బ్లేడు కోస్తే పొట్టు రాలుతుందా?”

“పొట్టా? ఎందుకు రాలుతుంది? లేచిన దుమ్ము లేచినట్టే గొట్టంలోకి లాగేస్తుంది. రోలు వంకరగా తెగినా సరే, అంచు మాత్రం గాజులా ఉంటుంది. చెయ్యి పెట్టి చూస్తే జారిపోవాలి.”

“నిన్నటి సంచీ అడుగున పిడికెడు పొట్టుంది.”

“సంచీ పాతది.”

“అంచులు కూడా పీచుపీచుగా ఉన్నాయి. వంకర మాత్రం బాగానే ఉంది.”

“బ్లేడు మొద్దుబారింది.”

“అందుకే మార్చాలన్నారా?”

“అందుకే.”

“మన కూరగాయల కత్తి కూడా మొద్దుబారింది. వంటింట్లో కనపడకపోతే వెతికాను. మీ బండి డిక్కీలో దొరికింది.”

“పండు కోసుకుందామని పట్టుకెళ్ళాను.”

“ఏం పండు? కత్తి నిండా తెల్లటి నూగుంది.”

“ఏదో పండు. గుర్తులేదు.”

“సరే. కడిగి యథాస్థానంలో పెట్టాను.”

“...నువ్వు కుట్టిన ఈ గుడ్డ మెత్తగానే ఉందే.”

“మెత్తగా ఉండదూ? ఏళ్ళ తరబడి ఉతికిన బట్ట. అంచు మడిచి కుట్టాను, పోగులు లేవవు.”

“ఎక్కడిది?”

“ఇంట్లోదే.”

“నీలం రంగు.”

“ఊఁ.”

“ఇది... ఇది నా యూనిఫారమా?”

“రెండో జత. చొక్కాకి పదహారు ముక్కలొచ్చాయి. జేబు మీద మిల్లు పేరున్న ముక్క మాత్రం పక్కన పెట్టాను. దానికి అంచు కుట్టి మీ బీరువాలో పెడతాను.”

“నీకు మతిపోయిందా? ఒంటి మీది జత ఇప్పుడే విప్పి నీళ్ళలో పడేశాను! రేపు పొద్దున డ్యూటీకి ఏం వేసుకుని పోవాలి? చెప్పు. ఏం వేసుకుని పోవాలి నేను?”

“ఇంట్లో బట్టలే వేసుకోండి. మిల్లుకి తాళం పడి రెండు నెలలైంది. షాపులో రోల్స్ కొని, కవర్లు చింపి పారేసి, కూరగాయల కత్తితో కూచుని వంకరగా కోసుకొచ్చే పని ఇంక మీకు లేదు. పేపరు మానేశాం కదా.”

“...ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“మీరు కోసుకొచ్చిన మొదటి సంచీ నుంచి. మీ అంతట మీరే చెప్తారని రోజూ యూనిఫారం ఇస్త్రీ చేశాను, రోజూ బాక్సు కట్టాను. రేపు కట్టను. మీరు పగలంతా కూచుంటున్నారని ఫోర్‌మన్ గారావిడ చెప్పిన ఆ పార్కు బెంచీ వదిలేసి, ఇక్కడ నా పక్కన కూచుని వేడిగా తినండి.”