ఉత్తరం ఎటు?

భోజనాల వేళ కాలేజీ డ్రాయింగ్ గదిలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ పట్టణ ప్రణాళికలో పీజీ సీటుకి దరఖాస్తు పెడుతున్నవాళ్లే. ప్లాన్ గీసి పంపమని ఇద్దరికీ ఇచ్చిన మార్కెట్ వీధీ ఒకటే. పెద్దామె పొద్దున్నే పంపేసింది. చిన్నామె తన ప్లాన్ కంప్యూటర్‌లో తెరిచింది.

“అక్కా, పంపేముందు ఒక్కసారి చూసిపెట్టవా?”

“నేనెందుకే? నీకు సారే దగ్గరుండి సిఫారసు రాశారుగా.”

“నీకూ రాశారుగా!”

“రాశారు. నీకు రెండు పేజీలు, నాకు నాలుగు ముక్కలు.”

“అబ్బ, చూడక్కా!”

పెద్దామె వంగి చూసింది. వీధి వీధంతా కళ్లకు కట్టినట్టుంది. ఆమె కడుపు రగిలిపోయింది. అంతలో మూలనున్న ఉత్తరం బాణం కంటబడింది. తలకిందులుగా ఉంది! మార్కెట్‌కి తూర్పున పారే కాలువ, ఈ లెక్కన పడమటికి పోయింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“ఎలా ఉందక్కా?”

“వంక పెట్టడానికేం లేదు.”

“ఒట్టు?”

“ఒట్టెందుకే? పంపెయ్.”

చిన్నామె మీట నొక్కేసింది.

“హమ్మయ్య, వెళ్లిపోయింది! నా భయమంతా ఆ బాణం గురించేనక్కా. దిక్కుల దగ్గర ఎప్పుడూ తడబడతాను కదా.”

“మరి?”

“అందుకే నీ ప్లాన్‌లోంచి తీసి అలాగే అతికించేశా. ఇద్దరం కాలువని కుడివైపే గీశాంగా.”

“ఏ ప్లాన్?”

“పొద్దున ఈ కంప్యూటర్‌లోంచే నువ్వు పంపావే, అదే! నీ చెయ్యి తప్పదు కదక్కా.”