నేను రుద్దని రాయి

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన నగరసభ సభ్యులు వాడ్రాప్ గారికి, మా యజమాని కెస్లర్ గారికి, రంగు సిరాలతో చేతులు పండిన నా తోటివాళ్ళందరికీ నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్ళుగా మన పత్రికలో నా పని ఒక్కటే, రాతి మీద గీసిన బొమ్మ కాగితాల మీద అచ్చయిపోయాక, ఆ రాతిని ఇసుకా నీళ్ళూ పోసి రుద్ది చెరిపెయ్యడం. సెనేటర్లు కావాలనుకున్నవాళ్ళు, గవర్నర్లు కావాలనుకున్నవాళ్ళు, ఖాళీ కుర్చీ కనిపిస్తే ఆగలేనివాళ్ళు, అందరూ నా చేతికిందే బురదై కాలువలోకి పోయారు. (నవ్వులు) నువ్వు నవ్వకు ఎమిల్, వాళ్ళందర్నీ గీసింది నువ్వేగా. మా ఆవిడ మినా, "ఆ పెద్దమనుషుల్ని చేతులనించి వదిలించుకుని రావయ్యా, కూరలో పడతారు" అనేది.

వాడ్రాప్ గారు ఇందాక నన్ను చెప్పినమాట వినే మనిషినని మెచ్చుకుని వెండి గడియారం ఇచ్చారు. ఆ మాటే గుచ్చుకుంది. పదకొండేళ్ళ కిందట ఒక బొమ్మను అచ్చు కాకముందే చెరపమన్నారు, చెరిపాను. ఆ బొమ్మలోని మనిషి ఎన్నికల్లో గెలిచి, మా వీధికి రావలసిన మంచినీటి గొట్టాల సొమ్ము మింగేశాడు. ఆ వేసవి మురికినీళ్ళ జ్వరాల్లో మా మినా పోయింది.

ఈ ఉదయం కెస్లర్ గారు వచ్చి, "లోరెంజ్, ఆ నల్లగీతల రాయి రుద్దెయ్యవయ్యా, సాయంత్రం సభకి ఆయనే పెద్ద" అన్నారు. న్యూయార్క్ మేయర్ కుర్చీ కోసం జనం వీపులే మెట్లుగా ఎక్కుతున్న వాడ్రాప్ గారి బొమ్మ అది. రంగుకో రాయి కదా, మిగతా రంగులు నిన్ననే కాగితాల మీద పడ్డాయి. ఆ గీతలు పడకపోతే కాగితం మీద మనిషే ఉండడు. ఇంతమంది జీతాలు ఏమవుతాయోనని కెస్లర్ గారి భయం, దాన్ని నేను తప్పుపట్టను.

మధ్యాహ్నమంతా రుద్దుడు చప్పుడు మీరు విన్నారు. అది టమాటా డబ్బా లేబుళ్ళు అచ్చేసే రాయి, అంతే. (నవ్వులు)

బల్లమీద బీరు గ్లాసులు వణుకుతున్నాయి, చూశారా? కింద అచ్చుయంత్రం తిరుగుతోంది. నడిపే గాట్లీబ్‌ను ఏమీ అనకండి, నల్లగీతల రాయి సిద్ధమని చెప్పింది నేనే. కెస్లర్ గారూ, ఆపాలనుకుంటే మెట్లు దిగితే చాలు.

(కెస్లర్ గారు లేచారు. కాసేపు నిలబడి, మళ్ళీ కూర్చున్నారు.)

సంతోషమండీ. వాడ్రాప్ గారూ, ఈ గడియారం మీ దగ్గరే ఉంచండి. మొదటి ప్రతి మాత్రం మీకే ఇస్తాం, సిరా ఆరేదాకా కూర్చోండి.

నా ఉద్యోగం ఈరోజుతో అయిపోయింది. అయినా అచ్చంతా పూర్తయ్యాక వచ్చి ఆ రాయిని నేనే రుద్దుతాను. ఇన్నేళ్ళు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు, ఇక సెలవు.