ఉబ్బిన పొరలో ఒక నక్షత్రం

2001 జూలై రెండో తారీఖున, వాన వెలిసిన ఉదయం, నళిని గారు రాయపూర్‌లోని మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉద్యోగంలో చేరారు. రైల్వే గార్డు గారి అమ్మాయి. బండ్లు ఢీకొనకుండా చూడటంలో తండ్రి జీవితం గడిస్తే, పరమాణు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు ఏం పుడుతుందో చూడటానికి కుమార్తె తమ జీవితాన్ని అంకితం చేశారు.

దూరదేశాల యంత్రాలలో కేంద్రకాలు దాదాపు కాంతివేగంతో గుద్దుకున్నప్పుడు, మామూలు పదార్థంలో కానరాని వింత కణాలు పుట్టి, రెప్పపాటులో వందకోట్లవ వంతు బతికి మాయమవుతాయి. అవి నడిచిన దారి మాత్రం గాజు పలక మీద పూసిన ఫోటో మందుపొరలో నల్లని చారగా మిగులుతుంది. ఆ పలకలు మన ఊరికి వచ్చేవి. కేంద్రకం పగిలిన చోట చారలు నలువైపులా చిమ్మి నక్షత్రంలా కనిపిస్తాయి గనుక, నళిని గారు పట్టపగలే నక్షత్రలోకంలో విహరించేవారు. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించారంటే పక్కనే ఉన్న దేవేంద్ర నగర్‌లో పిడుగు పడినా కదిలేవారు కారు. ఒకసారి ఆమె భుజం మీద పిచ్చుక గూడు కట్టబోయి, గడ్డిపరకలు చాలక మానుకుందని క్యాంటీన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

2009 మే నెలలో ఒక నక్షత్రం నుంచి బయల్దేరిన చార కొంత దూరం నడిచి, చివర మళ్లీ చీలింది. కొలిస్తే, ఆ నడక తెలిసిన ఏ కణానికీ సరిపోలేదు.

"నళినీ, ఇది కొత్త కణమే! సోమవారమే ప్రకటన. వ్యాసంలో మొదటి పేరు నీదే, పక్కా!" అన్నారు విభాగాధిపతి చెన్నకేశవులు గారు. ఊళ్లో మోవా పేట దాకా మిఠాయి దుకాణాలలో పేడాలు నిండుకున్నాయి. తర్వాతి రెండు రోజులూ నళిని గారి పాదాలు నేలకు తగల్లేదు.

శనివారం ఆమెకు హఠాత్తుగా గది చల్లగా ఉందనిపించింది. స్టోరు చూసే సూర్యారావును పిలిచారు.

"ఈ చల్లదనం ఎక్కడిదండీ?"

"నేనే మేడమ్. ఈ గర్మీలో వేగిపోతన్నారని కిటికీకి కూలర్ బిగించినాను. వారం నించీ బాల్టీలతో నీళ్లు మోస్తంటే, ఇప్పుడా తెలిసింది!"

"నీళ్ల గాలా? పలకల మీదికా?"

"మీ మీదికేనండి. పలకలకి ఫ్రీ."

నళిని గారు చప్పున సూక్ష్మదర్శిని వైపు తిరిగారు. తేమకు మందుపొర ఉబ్బుతుంది. ఉబ్బిన పొరలో లోతు పెరిగి, కణం ఎక్కువ దూరం నడిచినట్టు లెక్క వస్తుంది. ఆ సంగతి ఆ క్షణాన ఆమె ఒక్కరికే తట్టింది. మౌనంగా ఉంటే కీర్తి. చెబితే ఇన్నేళ్ల కలను చేజేతులా చెరిపేసుకోవడం. కూలర్ ఆపించి, పొర ఆరాక ఆదివారం మళ్లీ కొలిచారు. తెలిసిన కణమే.

"సర్, ఇది కొత్తది కాదు. పొర ఉబ్బింది."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? పేడాలు కూడా తినేశాం!"

"నాకు తెలుసు కదా సర్. పేడాలు నా పుట్టినరోజువి అనుకోండి."

2017లో మరో దేశపు బృందానికి నిజంగానే అరుదైన నక్షత్రం చిక్కినట్టు తోచింది. కూలర్ కథ విని ఉన్న వాళ్లు, లోకానికి చెప్పేముందు ఆ పలకను నేరుగా నళిని గారికి పంపారు. చేతికందిన కీర్తిని వదులుకున్న మనిషి అబద్ధం చూడదని వాళ్ల నమ్మకం. ఆమె వారం పాటు చూసి, "ఉంది" అన్నారు. వాళ్లు ప్రకటించారు. ఆ వ్యాసంలో ఆమె పేరు చిట్టచివర వచ్చింది.

"చివర ఉంటేనే మేలు, వెతుక్కోనక్కర్లేదు" అని ఆమె నవ్వారు.

లేశమాత్రం బతికే కణాల కోసం ఇన్నేళ్ల చూపును ధారపోసిన నళిని గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కళ్లకు చల్లదనం, కాళ్లకు సత్తువ, మనసుకు ఇదే నెమ్మది తోడుగా వారు నిండు నూరేళ్లూ సుఖంగా ఉండాలనీ, ఆపైన కూడా తమ లోకానికి రమ్మని వారిని తొందరపెట్టకూడదనీ నక్షత్రాలకు మనవి చేసుకుంటున్నాం.