బండ బరువు

పెనుకొండ షెడ్డులో క్వారీ బండలు మోసే డీజిల్ లోడరు ఆగివుంది. ఇంజిన్ బలాన్ని చక్రాలకు అందించే టార్క్ కన్వర్టర్ కాలిపోయింది.

“కంపెనీదే వేసేదా అన్నా, ఇంకా బలమైంది వేసేదా?” అన్నాడు మెకానిక్ జిలానీ.

“బలమైందే వెయ్యి. పెద్ద బండతో మిట్ట ఎక్కలేక నిల్చిపోతాండాది,” అన్నాడు యజమాని ఓబులేసు.

“ఎక్కుతాది. కానీ బ్రేకులు, ఇరుసు అంత బరువుకు చేసినవి కావు.”

“క్వారీలో అందరూ వేసినారబ్బా.”

“నీ బండి ఎవరు నడుపుతాండేది?”

“మా తమ్ముడు.”

ఓబులేసుకు పోయినవారం తమ్ముడన్న మాట గుర్తొచ్చింది: “అన్నా, బండ ఎత్తితే వెనక చక్రాలు లేస్తాండాయి.” అప్పుడు తాను నవ్వేశాడు.

“కంపెనీదే వెయ్యి జిలానీ,” అన్నాడు నెమ్మదిగా. “బండల్నే చిన్నగా కొట్టిస్తా.”