తలెత్తని ఊరు

చొక్కాలు కుట్టే కార్ఖానాలో మధ్యాహ్నం భోజనాల వేళ. లైను సూపర్‌వైజరు కూర్చునే గది. ఆవిడ తమ్ముడు, హెడ్డాఫీసులో పనిచేసేవాడు, వచ్చి పావుగంటయింది.

"నాన్చకురా. మనం ఎన్నో స్థానం?"

"ముందు నువ్వు తిను అక్కా."

"నేను తింటూనే ఉన్నాను. నువ్వే ముద్ద ముట్టలేదు. అయిదు ఊళ్ళు, అయిదు కార్ఖానాలు. ఏ ఊరివాళ్ళు ఎంత పనిచేస్తారో నెలరోజులు తిరిగి తిరిగి కొలిచావు. నిన్నటితో అయిపోయింది. అవునా? ఇక చెప్పడానికేం నొప్పి?"

"అయిదు."

"అయిదంటే ఆఖరు."

"ఆఖరే."

"ఓస్, ఇంతేనా! దానికి మొహం అలా వేలాడేసుకోవాలా? ఏటా ఆఖరేగా మనం. అలవాటైన చోటు, మెత్తగానే ఉంటుందిలే. రేవు ఊరు?"

"నాలుగు."

"చూశావా! వానొస్తే కిటికీల దగ్గర చేరి ఓడలు లెక్కపెట్టుకునేవాళ్ళు, మనకన్నా పైనా?"

"వానలప్పుడు వెనకబడ్డారు. తర్వాత లాక్కొచ్చారు."

"కోట ఊరు?"

"మూడు."

"వాళ్ళ మాటలు కోట దాటుతాయి, చేతులు మాత్రం బల్ల దాటవు. అయినా మూడు! సరే. గనుల ఊరు రెండు, చెప్పక్కర్లేదు. గనులు మూసేశాక వాళ్ళకి పనంటే భక్తి కాదురా, భయం. ఇది కూడా పోతుందేమోనని."

"అక్కా, నేనొచ్చింది—"

"ఆగు, నన్ను చెప్పనీ. మొదటిది మిల్లుల ఊరు. అవునా కాదా? ఏరా?"

"అవును. మిల్లుల ఊరే."

"తలెత్తని ఊరు! అక్కడివాళ్ళు కుర్చీలో కూర్చుంటే మళ్ళీ బెల్లు కొట్టేదాకా తలెత్తరట. పక్కన పిడుగు పడ్డా, ఏ మిషను మీద పడిందో రేపు కనుక్కుంటారట. నా కూతురు, మన పిచ్చుక చెప్పింది. అక్కడ చేరాక ఇప్పుడదీ అంతేగా! గంటకి అరవై కాలర్లు కుడుతోంది, తెలుసా? ఇక్కడున్నప్పుడు నలభై కుట్టేసరికి నాలుగు కబుర్లు చెప్పేది. నువ్వు పెట్టిన పేరు ఊరికే పోతుందా, పిచ్చుకేనాయె."

"అరవై నాలుగు."

"ఏంటీ?"

"గంటకి అరవై నాలుగు కుడుతోందక్కా. కుట్టింది."

"అరవై నాలుగా! నాకు అరవై అనే చెప్పింది దొంగ. చూశావా, గొప్పలు చెప్పుకోవడం కూడా మానేసింది. అక్కడ చేరిన కొత్తలో ఎంత ఏడ్చిందో! 'అమ్మా, నన్ను ఆఖరూరు పిల్ల అంటున్నారు. నీళ్ళకి లేస్తే చాలు, అదిగో ఆఖరూరు లేచింది అని నవ్వుతున్నారు' అని. ఏడిస్తే ఊరు మారుతుందా? 'నోటితో కాదే, చేతులతో జవాబు చెప్పు' అన్నాను. చెప్పింది."

"అలా ఎందుకన్నావక్కా?"

"మరేమనాలి? లగేజీ సర్దుకుని వచ్చెయ్ అనాలా? నిన్ను బతిమాలి అక్కడ వేయించింది అందుకేనా? ఇక్కడే ఉంటే మాలాగే తయారయ్యేది. అది గొప్పగా బతకాలి. ఇంట్లో మిగిలింది మేమిద్దరమేగా, నా ఆశంతా దాని మీద పెట్టక ఇంకెక్కడ పెట్టను?"

"మీలాగ తయారైతే తప్పేంటి?"

"అబ్బో! ఆఖరు మార్కు వేసినవాడివి నువ్వే, ఆ మాట అడిగేవాడివీ నువ్వే! ఏం కాగితంరా నీది? అందులో మా గురించి ఏం రాశావు?"

"'మిషను దగ్గర లేని సమయం ఎక్కువ' అని."

"ఎందుకు లేమో రాశావా?"

"ఆ గడి లేదు కాగితంలో."

"లేకపోతే నేను చెప్తాను, విను. గుండీలు కుట్టే పెద్దమ్మకి చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కదు. ఆ సంగతి బయటపడితే ఇంటికి పంపేస్తారని, లైనులో వాళ్ళందరూ వంతులేసుకుని లేస్తారు, దారమెక్కించి వస్తారు. రోజుకి ముప్ఫై సార్లు. ముప్ఫై సార్లు ఎవరో ఒకరు మిషను దగ్గర ఉండరు. అదీ నీ లెక్క."

"నాకు తెలుసు అక్కా. చూశాను."

"చూసి?"

"చూసి, రాశాను. లేచారని మాత్రమే రాశాను. ఎందుకో రాయలేదు. రాస్తే ఆవిడ ఉద్యోగం పోతుందని."

"ఆ మాత్రం బుద్ధి ఉందన్నమాట. ఇంకా విను. నువ్వు కొలతకొచ్చిన వారంలోనే కటింగ్ గదిలో పిల్లకి నొప్పులొచ్చాయి. ఆటో వచ్చేలోపే అయిపోయింది. గుడ్డ తానుల మీదే కాన్పు. ఒక పూటంతా ఒక్క మిషనూ తిరగలేదు. పుట్టినవాడు ఏడ్చాక కుట్టడం మొదలుపెడదామంటే చేతులు ఆడితేగా, అందరూ ఏడుపే. దానికేం రాశావు?"

"'నాలుగు గంటల పది నిమిషాలు, కారణం లేని విరామం'."

"కారణం లేదా! వాడు ఏడున్నర పౌన్లున్నాడురా! నవ్వవేం? నవ్వురా. ఆఖరొచ్చింది మాకు, ఏడుపు మొహం నీదా? ఉండు... మూసేస్తున్నారా? అదేనా? ఆఖరొచ్చిన కార్ఖానా మూసేస్తున్నారా?"

"లేదక్కా. అది కాదు."

"నిజం చెప్పు. అందుకేగా ఫోనులో చెప్పకుండా కారేసుకుని వచ్చావు. రెండొందల మందిమి. నేను వాళ్ళకేం చెప్పను?"

"మూసెయ్యడం లేదక్కా. నాకు తెలిసినంతవరకూ లేదు. నామీద ఒట్టు."

"అమ్మగారూ, బెల్లు కొట్టనా?"

"నువ్వా వాచ్‌మన్ బాబాయ్? ఓ అయిదు నిమిషాలాగి కొట్టు. మా తమ్ముడొచ్చాడు."

"అలాగేనమ్మా. బాబుగారూ, బాగున్నారా? మన పిచ్చుక ఎట్లా ఉంది? అది లేక గేటు దగ్గర నాతో కబుర్లు చెప్పేవాళ్ళే లేరు. ఈసారి వచ్చేటప్పుడు దాన్ని తీసుకురండి బాబూ. బాబుగారూ?"

"నువ్వెళ్ళు బాబాయ్, వాడికి ప్రయాణం బడలిక. పద, పద... అదేంట్రా, పెద్దాయన అడుగుతుంటే అలా గోడవైపు తిరుగుతావు? సరే, అయిదు నిమిషాలు ఆలస్యం చేయించాను. అదీ రాసుకో. రాసుకోరా, నీ పుస్తకమేది? ఎప్పుడూ జేబులో ఉండేదిగా?"

"పారేశాను."

"పారేశావా! నెలరోజుల కష్టం... ఒరేయ్. ఇలా చూడు. ఎందుకు పారేశావు?"

"అక్కా, పిచ్చుక నీకు ఎప్పుడు ఫోను చేసింది?"

"మొన్న సాయంత్రం. ఏం?"

"ఏమంది?"

"ఏమంటుంది, మామూలే. ఇవాళ పొద్దున నేను చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఫోను ఉంచుకోనివ్వరుగా వాళ్ళు. ఏమైందిరా?"

"మొన్న ఏమందక్కా?"

"జ్వరమంది. మూడు రోజులనుంచి తగ్గట్లేదు, తల పైకెత్తలేకపోతున్నాను, ఒకరోజు సెలవు పెట్టనా అంది."

"నువ్వేమన్నావు అక్కా?"

"రేపు మీ మామయ్య కొలతకొస్తున్నాడుగా అన్నాను. ఆ ఒక్కరోజూ ఓర్చుకో, మాత్ర వేసుకుని వెళ్ళు, సరిగ్గా కొలత రోజే ఆఖరూరు పిల్ల సెలవు పెట్టిందనిపించుకోకు అన్నాను. ఎల్లుండి పెట్టుకో అన్నాను. అంటే ఇవాళ. ఇవాళ పెట్టుకునే ఉంటుంది. పడుకుని ఉంటుంది, అందుకే ఫోను ఎత్తలేదు. అంతేగా? నిన్న నువ్వు అక్కడే ఉన్నావుగా, దాన్ని చూశావుగా? ఎలా ఉంది?"

"పొద్దున గేటు దగ్గర చూశాను. నన్ను చూసి నవ్వింది."

"అదీ! నవ్విందంటే బానే ఉందన్నమాట. నువ్వు పలకరించావా? ఒళ్ళు కాలుతోందేమో చెయ్యి పెట్టి చూశావా?"

"లేదక్కా. చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాను. నా మేనకోడలని తెలిస్తే లెక్కలో పక్షపాతం ఉందంటారని."

"పోనీలే. నీ ఉద్యోగం అలాంటిది. దానికి తెలుసు. తర్వాత?"

"పదకొండింటికి మిషను మీద పడిపోయింది."

"పడిపోయిందా! చెప్పవేంరా ఇంతసేపూ? ఆసుపత్రికి తీసుకెళ్ళారా?"

"తీసుకెళ్ళాం."

"ఏమన్నారు? నీరసమేగా? సరిగ్గా తినదు, అదే దాని రోగం. రక్తపరీక్ష చేశారా? ఇప్పుడు దాని దగ్గరెవరున్నారు? అక్కడ ఒక్కదాన్నీ వదిలేసి ఇక్కడికొచ్చి కూర్చున్నావా? కారు ఉందిగా, పద, నేనూ వస్తాను. రెండు చీరలు తెచ్చుకుంటాను, అంతే. నేనొచ్చానంటే లేచి కూర్చుంటుంది. పద."

"అక్కా, కూర్చో."

"కూర్చోవడమేంట్రా? లే!"

"సాయంత్రం ఆరింటికి పోయిందక్కా."

"ఎవరు?"

"అక్కా, నన్ను చూడు."

"ఎవర్రా? ఎవరు పోయింది? సరిగ్గా చెప్పు. మాటలు మింగుతావు నువ్వు, చిన్నప్పటినుంచీ అంతే."

"మన పిచ్చుక. జ్వరం రక్తంలోకి పాకిందన్నారు. రెండు రోజులు ముందు తీసుకొస్తే... ఏదో అన్నారు. నాకు వినపడలేదు. హాస్టలు వాళ్ళు ఫోను చేస్తామంటే నేనే వద్దన్నాను. నేనే చెప్తాను, మా అక్క ఒక్కతే ఉంటుంది, ఫోనులో వినకూడదు అన్నాను."

"ఓర్చుకోమన్నాను."

"అక్కా, నీ తప్పు కాదు."

"ఓర్చుకోమన్నాన్రా. అది సెలవు పెట్టనా అని నన్నడిగింది. అడక్కుండా పెట్టేసేది ఇదివరకు. ఒళ్ళు వెచ్చబడితే చాలు, దుప్పటి ముసుగేసి 'నేనివాళ రాజుగారి అమ్మాయిని, పని చెయ్యను' అనేది. ఆ పిల్ల నన్నడిగింది. నేను వద్దన్నాను."

"నీ తప్పు కాదక్కా. నిజంగా కాదు."

"మరెవరిది? చెప్పు. ఆ లైనులో ఎంతమంది ఉంటారు?"

"డెబ్బై మంది."

"డెబ్బై మందిలో ఒక్కరికైనా కనపడలేదా దాని మొహం? పక్కనే కూర్చుంటారుగా! మోచెయ్యికి మోచెయ్యి తగులుతుందిగా! ఇక్కడైతే తుమ్మితే నలుగురు లేస్తారు. అది పడిపోతే ఎవరూ లేవలేదా?"

"ఇద్దరు లేచారు. సూపర్‌వైజరు కూర్చోమన్నాడు. కూర్చున్నారు."

"కూర్చున్నారా?"

"వాళ్ళననకు అక్కా. వాళ్ళలో ఒకమ్మాయి ఆసుపత్రి మెట్ల మీద నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. మామూలు రోజైతే లేచి ఉండేవాళ్ళేమో. నిన్న కొలత రోజు. నేనున్నాను."

"నువ్వెక్కడున్నావు?"

"ఆ హాల్లోనే."

"హాల్లోనే ఉన్నావా? అయితే నువ్వే ఎత్తుకుని ఉంటావు. చెప్పు. చిన్నప్పుడు కింద కాలు పెట్టనిచ్చేవాడివా దాన్ని? అది పడగానే నువ్వే పరిగెత్తి ఉంటావు. అది నీ మొహం చూసే ఉంటుంది. పరాయివాళ్ళ మధ్య పోలేదు నా బిడ్డ. ఆ ఒక్కమాట చెప్పరా, చాలు. మామయ్యా అందా?"

"లైను చివర నిలబడి ఉన్నానక్కా. అందరివీ ఒకేలాంటి తలగుడ్డలు, ఒకేలాంటి మాస్కులు. దాని మిషను పదకొండో నంబరు అనుకున్నాను. నిన్న మార్చారట, నాకు తెలీదు. దూరంగా ఎవరో మిషను మీదకి ఒరిగిపోయారు."

"ఒరిగిపోతే? నువ్వేం చేశావు? మాట్లాడవేంరా? ఏం చేశావు?"

"గడియారం చూసుకుని, 'ఇరవై మూడో మిషను, నలభై సెకన్లు వృథా' అని రాశానక్కా. కింద సంతకం కూడా పెట్టి, అప్పుడు వెళ్ళాను, ఆ సోమరిది ఎవరో చూద్దామని."