నా పరీక్షకు వచ్చిన జనం

"మీ పిల్లల వెంట ఎంతమంది వచ్చిండ్రు? ఒక్కరా, ఇద్దరా? గంతేనా?"

కోదాడలో పీజీ ఎంట్రన్స్ నడుస్తున్న కాలేజీ గేటు ఎదురుగా, శ్రీను టీ కొట్టు బెంచీ మీద కూసొని నేనే అడిగిన. లోపల పిల్లలు పరీక్ష రాస్తున్నరు. బయట అమ్మానాయనలు వాళ్ల బ్యాగులు ఒళ్లో పెట్టుకొని గేటు దిక్కే సూస్తున్నరు. నా పక్కన సీతాబాయి. బిడ్డ ఫోన్ చేతిల పట్టుకొని, లోపలికి రానియ్యని బిడ్డ కమ్మలు కొంగుకు ముడేసుకుంది. ఎదురుగా బియ్యం వ్యాపారి నరసింహారావు, మోకాళ్ల మీద కొడుకు బ్యాగు.

ఎవరూ జవాబియ్యలే. మా కాలేజీ డిబేట్లల్ల ఎదుటోళ్లు చప్పుడు చెయ్యకుంటే గెలిచినట్టే లెక్క. అందుకే అందుకున్న.

"నేను రాసిన నాడు సూడాలె మీరు! గంటన్నర పేపరు, గంటల కొట్టి పడేసిన."

"ఏ సబ్జెక్టమ్మా?" అన్నడు నరసింహారావు.

"పొలిటికల్ సైన్స్. పేపరు సంగతి పక్కన పెట్టుండ్రి, నా వెంట వచ్చిన జనం సంగతి వినుండ్రి. మా నాయన ప్రభుదాస్ మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలి. ఆ పొద్దు నెత్తి మీది బస్తా గాడనే దించి, నా బిడ్డకు పరీక్ష అని బయలెల్లిండు. తోటి హమాలీలు ఊకుంటరా? నలుగురొచ్చిండ్రు. నలుగురంటే నలుగురే అనుకునేరు, మిల్లు మిల్లంత కదిలింది. త్రిపురారంల మా అమ్మ నాటేస్తున్నది. ఆమె గట్టెక్కంగనే కూలోళ్లందరు నారు కట్టలు చేతిల పట్టుకొనే ట్రాక్టర్లు ఎక్కిండ్రు. గరిడేపల్లి కాడికొచ్చేసరికి ముప్పై ట్రాక్టర్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను కోదాడల దిగిన, కడపటి ట్రాక్టరు ఇంకా మిర్యాలగూడలనే ఉంది!"

"ట్రాఫిక్ జాం కాలేదామ్మా?"

"ఎట్లయితది సేటూ? బండ్లన్నీ మావే గదా! గేటు కాడ బ్యాగు బయట పెట్టమన్నరు. బ్యాగు ఒకరు పట్టుకున్నరు, నీళ్ల బాటిల్ ఒకరు, బాటిల్ మూత ఇంకొకరు. ఇగ ఫోన్ కోసమైతే కొట్లాటే. నాకియ్యి నాకియ్యి అని చేతులు మారి మారి ఆ వరుస కడదాక పోయింది. నా చేతికి వాపస్ రానీకి మూడు దినాలు పట్టింది."

శ్రీను గిన్నె దించి మరీ నవ్విండు. నరసింహారావు కూడ. నాకు ఇంకింత ఊపొచ్చింది.

"లోపల కంప్యూటర్ మీద మొదటి జవాబు కొట్టంగనే బయట అందరు ఊపిరి బిగబట్టిండ్రు. అంతమంది బిగబడితే గాలి మిగులుతదా? ఫ్యాన్లు తిరుగుతున్నయ్, గాలి లేదు. వందో జవాబు కొట్టినంక ఒక్కపారి వదిలిండ్రు సూడుండ్రి, ఆ గాలికి త్రిపురారం నాట్లన్నీ పడమరకు వంగినయ్! ఇప్పటికీ వంగే ఉన్నయ్, పోయి సూసుకోండ్రి."

"అక్కా, మరి నా కొట్టు ఎగిరిపోలేదా?"

"పోయింది శ్రీనూ. హుజూర్‌నగర్‌ల దొరికింది. నీకే యాది లేదు."

సీతాబాయి ఒక్కతే నవ్వలే. నా చేతులే సూస్తున్నది. ఒక చేతిల ఫోన్, ఇంకో చేతిల మడిచిన కాయితం, ఒళ్లో బ్యాగు.

"అంతమందిల ఒక్కరన్న ఇయ్యాల రాలేదా బిడ్డా? నీ ఫోన్ నువ్వే పట్టుకున్నవ్" అన్నది మెల్లగ. "ఆ కాయితం హాల్‌టికెట్ గదా. నా బిడ్డకు గిసొంటిదే ఇచ్చిండ్రు. లోపల పరీక్ష నడుస్తుంటే నువ్వు గీడున్నవేంది?"

ఇగ ఉన్నదున్నట్టు చెప్పిన.

నాయనకు లోడింగ్ ఉండె. అమ్మకు నాటు. మొదటి బస్సుకు ఒక్కదాన్నే వచ్చిన. గేటు కాడ గార్డు ఫోన్, బ్యాగు బయట పెట్టి రమ్మన్నడు. శ్రీను కొట్టుకు బోర్డుంది: ఫోన్లు, బ్యాగులు పెట్టుకోము. గీ బెంచీల మీదనే మీరంత కూసొని ఉన్నరు. వెయ్యి మంది ముందు మైకు పట్టుకొని ఎదుటోళ్ల నోళ్లు మూయించినదాన్ని, ఒక్కరి ముందర నిలబడి 'జర పట్టుకోండ్రి' అననీకి నోరు రాలే. మీ ముందట నుంచే రెండుసార్లు అటు పోయిన, ఇటొచ్చిన. మూడోసారి గేటు కాడికి పోయేసరికి మూసేసిండ్రు. నా పొలిటికల్ సైన్స్ పేపరు గట్లనే పోయింది.

ఇదంత చెప్పి తల వంచుకున్న. నరసింహారావు కొడుకు బ్యాగును దగ్గరికి జరుపుకున్నడు.

"ఇంకో పరీక్ష ఏమన్న ఉందా?" సీతాబాయే అడిగింది.

"ఉంది. ఎకనామిక్స్. ఒంటిగంటకు."

అప్పుడు లేచి నిలబడ్డ.

"పదకొండుకు మీ పిల్లలొస్తరు, మీరు ఇండ్లకు పోతరు. నా పరీక్ష అయ్యేసరికి రెండున్నర అయితది. ట్రాక్టర్లు వద్దు, జనం వద్దు. ఒక్కరు చాలు. జర ఈ ఫోన్, ఈ బ్యాగు పట్టుకోండ్రి. నేను బయటికొచ్చేదాక ఈ బెంచీ మీదనే ఉండుండ్రి."